బండారులంకకు చికాగో ఎంత దూరం?

“మాస్టారూ, మావాడు ఎన్ని గంటలకి వస్తాడండీ?”

మూడేళ్ళ క్రిందట మాఘమాసంలో, ఒక మంగళవారం రాత్రి, మా వీధిలోని ముసలావిడ నన్నడిగిన ప్రశ్న యిది. అప్పటికి ఆవిడ భర్త పోయి గంట కూడా కాలేదు. ఆయన యాభైయేళ్ళపాటు గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకు కూచుని బండారులంక చీరలు నేసిన మనిషి. తలకొరివి పెట్టవలసిన పెద్దకొడుకు చికాగోలో వున్నాడు. పదిమంది పెద్దలు అరుగుమీద చేరి వున్నారు. నలుగురూ నావంక చూశారు. వూళ్ళో నాలుగు అక్షరాలు చదువుకున్నవాడికి అన్నీ తెలుసునని అందరి నమ్మకం. ఆ నమ్మకం మనకూ కాస్త వుంటుంది గదా!

“పదహారు గంటలండీ” అనేశాను.

ఆ అంకె నేను గాలిలోంచి తీసుకున్నది కాదు. 2021 జనవరిలో ఎయిరిండియావారు చికాగోకు, హైదరాబాదుకు మధ్య ఎక్కడా ఆగని విమానం నడిపారు. వారానికి ఒక్కసారి. ఆనాడు పత్రికల్లో చదివిన సంగతి నా మనసులో అలాగే వుండిపోయింది. ఆ సర్వీసు తర్వాత నిలిచిపోయిందన్న మాట ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

అరుగుమీది పెద్దలు వేళ్ళు మడిచి లెక్క కట్టారు. ఇప్పుడు రాత్రి పది. పదహారు గంటలంటే రేపు మధ్యాహ్నం రెండు. పొద్దు వాలేలోగా అన్నీ కానిచ్చెయ్యవచ్చు. పురోహితుడికి కబురు వెళ్ళింది. కట్టెలకు మనిషి వెళ్ళాడు. చుట్టుపక్కల వూళ్ళలో వున్న ఆడపడుచులకు “రేపు మూడింటికి” అని ఫోన్లు వెళ్ళాయి. ఇదంతా నా నోటిమాట మీద.

పదకొండింటికి కొడుకు దగ్గరనుంచి ఫోను వచ్చింది. టిక్కెట్టు దొరికింది. రేపు కాదు, ఎల్లుండి మధ్యాహ్నానికి గాని ఇంటికి చేరలేడు.

“మాస్టారు పదహారన్నారు గదండీ, ఆయ్!” అన్నాడొక పెద్దాయన. దెప్పాలని కాదు. కాని ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో వుంది.

అప్పుడు మొదలయింది అసలు తర్జనభర్జన. అంతసేపు ఉంచడమా, చిన్నకొడుకు చేత జరిపించడమా? రెండు వైపులా పెద్దలున్నారు. చివరికి ఆ ముసలావిడే తేల్చింది. “వాడొచ్చేదాకా ఉంచండి” అంది. అమలాపురం నుంచి అర్ధరాత్రి ఐసు పెట్టె వచ్చింది. నేను ఇంటికి వెళ్ళి పడుకున్నానేగాని నిద్ర పట్టలేదు. నా పదహారు ఎక్కడ తప్పింది?

చిత్రమేమిటంటే, ఆకాశంవరకు చూస్తే నా పదహారు తప్పు కాదు.

గోడకు వేలాడే ప్రపంచ పటం చూసి చికాగోకు దారి చెప్పమంటే పిల్లలు ఏం చెబుతారు? హైదరాబాదు నుంచి పడమటికి గీత గీస్తారు. అరేబియా, మధ్యధరా సముద్రం, అట్లాంటిక్ మహాసముద్రం, అవతలి ఒడ్డున అమెరికా. పటంమీద అది తిన్నని గీతే. విమానం మాత్రం అలా పోదు. ఎందుకు పోదో తెలుసుకోవాలంటే మన కోనసీమలో ఖర్చులేని సాధనం వుంది. పీచు వొలిచిన కొబ్బరికాయ తీసుకోండి. బాగా గుండ్రంగా వున్నది చూసుకోండి. నడుముకు కాస్త పైన ఒక గుండుసూది అంటించండి. అది హైదరాబాదు. దాదాపు వెనకవైపున, ఇంకొంచెం పైన, రెండో సూది. అది చికాగో. మగ్గం దగ్గర తెగిన నూలుపోగు ఒకటి తెచ్చి రెంటికీ మధ్య బిగించి లాగండి. పోగు నడుం చుట్టూ తిరగదు. జారి జారి నెత్తిమీదికి ఎక్కుతుంది. అదే దగ్గర దారి!

ఆ పోగు వెంట పోతే, హైదరాబాదులో లేచిన విమానం దాదాపు తిన్నగా ఉత్తరానికే సాగుతుంది. పంజాబు దాటి, పాకిస్తాను చేతిలోని కాశ్మీరం మీదుగా, కజకస్తాను, రష్యా మీదినుంచి ఆర్కిటిక్ సముద్రం చేరుతుంది. ఉత్తరధ్రువానికి పదకొండు డిగ్రీల దగ్గరదాకా పోయి, గ్రీన్‌లాండు మంచు దాటి, కెనడా నెత్తిమీదినుంచి చికాగోలోకి దిగుతుంది. మొత్తం సుమారు 13,300 కిలోమీటర్లు. అంటే 8,260 మైళ్ళు. అమెరికా మనకు పడమటనో తూర్పునో వుందనుకుంటాం గాని, విమానం నడిపేవాడికి అది ఉత్తరాన వుంది.

పెద్ద జెట్ విమానం గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పోతుంది. భాగిస్తే పదిహేను గంటలకు కాస్త తక్కువ వస్తుంది. ఎక్కడానికీ దిగడానికీ కొంత, చుట్టు తిరగడానికీ గాలికీ కొంత కలిపితే పదహారు. అన్నిగంటలు ఆగకుండా ఎగరాలంటే ఎంత ఇంధనం కావాలి? ఆ సర్వీసుకు వాడిన బోయింగ్ 777–200 ఎల్ఆర్ రకం విమానం కడుపునిండా తాగితే 1,81,000 లీటర్లు పడుతుంది. రోడ్డుమీద కనిపించే 12,000 లీటర్ల టాంకరు లారీలు పదిహేను! అంత నింపుకుని నిండు బరువుతో లేచే విమానంలో అయిదింట రెండు వంతులు ఇంధనమే. మనుషులూ, పెట్టెలూ, ఆవకాయ జాడీలూ అంతా మిగతాదానిలో సర్దుకోవాలి.

ఇహ గాలి సంగతి. ధవళేశ్వరం నుంచి దిగువకు వచ్చే పడవకూ, ఎదురు పోయే పడవకూ దూరం ఒకటే. పట్టే వేళ మాత్రం ఒకటి కాదు. భూమికి పది కిలోమీటర్ల ఎత్తున అలాంటి గోదావరులే వున్నాయి. పడమటినుంచి తూర్పుకు, శీతకాలంలో మరీ జోరుగా, గంటకు నూటయాభై రెండువందల కిలోమీటర్ల వడితో ప్రవహించే గాలులు. వీటినే జెట్ ప్రవాహాలంటారు. అందుకే చికాగో వెళ్ళేటప్పుడు పదహారుగంటల పైచిలుకు పడితే, వచ్చేటప్పుడు ఇంచుమించు ఒక గంట కలిసివస్తుంది. మగ్గంమీద నాడెకు ఇలాంటి తేడా లేదు. అటు ఎంతో ఇటూ అంతే.

గాలి ఎంత పని చేస్తుందో 2016 అక్టోబరులో లోకం చూసింది. అంతకుముందు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా విమానం అట్లాంటిక్ మీదుగా పోయేది. ఆ నెలలో దారి మార్చి పసిఫిక్ మహాసముద్రం మీదుగా, అంటే గాలివాలుకు, తూర్పుముఖంగా నడిపారు. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా పధ్నాలుగున్నర గంటల్లో చేరింది. చుట్టుదారే ముందు చేర్చింది! మన పెద్దవాళ్ళు రేవు దగ్గర నిలబడి “ఏ దారి దగ్గర?” అని కాకుండా “ఏ దారిన తొందరగా పోతాం?” అని అడిగేవారు. వాళ్ళ ప్రశ్నే సరైనదన్నమాట.

2021 జనవరిలోనే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఆగని విమానం తొలిసారి ఉత్తరధ్రువం మీదుగా వచ్చింది. రెండు నగరాల మధ్య తిన్నని దూరం ఇంచుమించు 14,000 కిలోమీటర్లు. ప్రయాణం పదిహేడు గంటలు. నడిపిన నలుగురూ స్త్రీలే. జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావారే, శివానీ మన్హాస్. ధ్రువం దగ్గర బయటి చలికి రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టకుండా దాని వేడిమిని కనిపెట్టుకుంటూ వుండాలి. అత్యవసరంగా దిగాలంటే దగ్గరలో విమానాశ్రయం వుండదు. ఇలాంటి దారిన విమానం తెచ్చి తెల్లవారుజామున బెంగుళూరులో దించారు.

ఇదంతా చెబితే ఆ ముసలావిడకు ఏం ఒరిగింది? ఆవిడ అడిగింది హైదరాబాదుకూ చికాగోకూ మధ్య దూరం కాదు. వాకిట్లోంచి వాకిట్లోకి ఎంత అని. నేను రెండు వూళ్ళ మధ్య దూరం చెప్పాను. ఆవిడ యిల్లు ఆ రెండు వూళ్ళలోనూ లేదు.

కొడుకు వచ్చాక, కర్మ దినాల్లో, ఒక మధ్యాహ్నం అతన్ని కూచోబెట్టి గంటలు రాసుకున్నాను. చూడండి.

తండ్రి పోయింది మంగళవారం రాత్రి తొమ్మిదింటికి. శీతకాలంలో చికాగో గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక వుంటుంది. కనక అక్కడ మంగళవారం ఉదయం తొమ్మిదిన్నర. అతను పనిలో వున్నాడు. సెలవు చెప్పి, టిక్కెట్టు వెతికి, కాగితాలు చూసుకుని, మూడుగంటల ముందే విమానాశ్రయానికి చేరి, రాత్రి ఎనిమిదింటి విమానం ఎక్కాడు. పదిన్నర గంటలు నేలమీదే అయిపోయాయి. అది ఖతార్‌లోని దోహా వరకు పోయే విమానం, పదమూడు గంటలు. దోహాలో బల్లమీద కూచుని మూడున్నర గంటలు. అక్కడినుంచి హైదరాబాదుకు నాలుగు గంటలు. దిగేసరికి గురువారం తెల్లవారుజాము నాలుగయింది. ముద్రలూ, పెట్టెలూ ఒక గంట. రాజమండ్రికి పోయే చిన్న విమానంలో ఆ పూట చోటు లేదు. కారు మాట్లాడుకున్నాడు. విజయవాడ, ఏలూరు, తణుకు, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన, రావులపాలెం, కొత్తపేట, బండారులంక. సుమారు 450 కిలోమీటర్లు. మాఘమాసపు పొగమంచులో తొమ్మిది గంటలు పట్టింది. మధ్యాహ్నం రెండింటికి వాకిట్లో దిగాడు.

మొత్తం నలభైయొక్క గంటలు. అందులో ఆకాశంలో వున్నది పదిహేడు. మిగిలిన ఇరవైనాలుగు గంటలూ నేలమీద!

ఇంకొక లెక్క చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. శంషాబాదు నుంచి బండారులంకకు పటంమీద తిన్నగా గీత గీస్తే సుమారు 380 కిలోమీటర్లే. విమానం అర్ధగంటలో దాటే దూరం. దానికి తొమ్మిది గంటలు. దోహానుంచి హైదరాబాదుకు అరేబియా సముద్రం దాటి రావడానికి అందులో సగం కూడా పట్టలేదు.

విమానాలు రాకముందూ మన కథ ఇంతే. కోరంగి రేవునుంచి, కాకినాడనుంచి ఓడలెక్కి మనవాళ్ళు రంగూను పోయేవారు. ఎంతమంది పోయారంటే బర్మాలో తెలుగువాళ్ళను “కోరంగీలు” అనే పిలిచేవారు. ఓడ సముద్రం దాటేది గాని, లంకల్లోంచి ఓడదాకా రావడమే పెద్ద ప్రయాణం. పంటు తప్పితే గౌతమి ఒడ్డున పడిగాపులు పడవలసిందే. కోటిపల్లి రేవులో, యెదుర్లంక రేవులో తెల్లవార్లూ కూచున్నవాళ్ళు మా యిళ్ళలోనే వున్నారు. యెదుర్లంకకూ యానానికీ మధ్య ఇప్పుడున్న వంతెనకు బాలయోగిగారి పేరు పెట్టారు. అమలాపురం నుంచి గెలిచి లోకసభకు స్పీకరైన ఆయన 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి చనిపోయారు. ఆ వంతెనమీద పోతున్నప్పుడు ఈ మాట గుర్తురాకుండా వుండదు.

ఆకాశం మాత్రం కుంచించుకుపోయింది, కాదనలేం. 1948 జూన్ 8 రాత్రి “మలబార్ ప్రిన్సెస్” అనే విమానం ముప్పయి అయిదుగురు ప్రయాణీకులతో బొంబాయిలో లేచి, కైరోలోనూ జెనీవాలోనూ ఆగి, పదోతేదీకి లండను చేరితే దేశమంతా గొప్పగా చెప్పుకుంది. అది 5,000 మైళ్ళు. 1960 మే 14న ఎయిరిండియా బోయింగ్ 707 న్యూయార్కు దారి తొక్కింది. ఇప్పుడు ఆ దూరాలు ఒక నిద్ర, రెండు భోజనాలు.

అయినా ఆకాశంలోనూ గోడలు లేకపోలేదు. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా పాకిస్తాను తన గగనతలాన్ని మూసివేసింది. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు మళ్ళీ మూసింది. అలాంటప్పుడు కొబ్బరికాయమీది నూలుపోగు పనికిరాదు. చుట్టు తిరగాలి, ఇంధనం ఎక్కువ మొయ్యాలి, నడుమ ఎక్కడో దిగి నింపుకోవాలి. భూమి గుండ్రంగానే వుంటుంది. దూరం మాత్రం పెరుగుతుంది.

ఇహ ఒక మాట చెప్పకపోతే నా లెక్క పూర్తికాదు.

ఆ ముసలావిడ యింటికి నాలుగిళ్ళ అవతల మరో యిల్లుంది. ఆ యింటి కూతురు కువైట్‌లో ఒక షేకు యింట్లో వంట చేస్తుంది. కోనసీమలో ఇలాంటి యిల్లు లేని వూరు లేదు. కువైట్, మస్కట్, దుబాయి మా ఆడవాళ్ళ నోట పొరుగూళ్ళ పేర్ల లాగా పలుకుతాయి. హైదరాబాదు నుంచి కువైట్‌కు 3,400 కిలోమీటర్లు. చికాగో దూరంలో నాలుగోవంతు. అటునుంచి రావడం నాలుగున్నర గంటలు. అంటే మా వూరినుంచి శంషాబాదుకు కారులో పోయేలోగా ఒకసారి వచ్చి, మళ్ళీ వెళ్ళిపోవచ్చు.

ఈ సంగతికి రెండేళ్ళ ముందు ఆ పిల్ల తల్లి పోయింది. ఆ రాత్రి అరుగుమీద పెద్దలు చేరారు. నన్ను మాత్రం ఎవ్వరూ ఎన్ని గంటలని అడగలేదు. పాస్‌పోర్టు యింటి యజమాని బీరువాలో వుంది. ఇంట్లో పెళ్ళి వుందట, సెలవు కుదరదన్నాడట. పనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్ ప్రభుత్వం 2015లోనే చట్టం చేసింది. ఆ చట్టం ఆ బీరువాదాకా పోలేదు. మర్నాడు పొద్దున్నే అన్నీ జరిపించేశారు. మేనల్లుడొకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. అందులో ఆ పిల్ల మొహం కాసేపు కనిపించింది. లోపల ఎవరో పిలిచినట్టున్నారు, “వస్తున్నా” అని ఆ భాషలో ఏదో అని, తెర ఆపేసింది.

ఆ పిల్ల పద్ధెనిమిది నెలలకు వచ్చింది. వచ్చిన నాడు తల్లి మగ్గం దగ్గర కూచుని లేవలేదు.

చికాగో కొడుకు పదకొండో రోజు అయ్యాక ఒక శుక్రవారం తిరుగు ప్రయాణమయ్యాడు. మధ్యాహ్నం రెండింటికి కారు కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆవిడ నావైపు తిరిగింది.

“వాడు యింటికి చేరేసరికి మనకి ఏ వేళవుతుందండీ, మాస్టారూ?”

ఈసారి తొందరపడలేదు. జేబులోంచి కాగితం తీసి కూడాను. శంషాబాదుకు తొమ్మిది గంటలు. అక్కడ కాచుకోవడం అయిదు. దోహాకు నాలుగున్నర. అక్కడ మూడు. ఈసారి ఎదురుగాలి కనక చికాగోకు పధ్నాలుగున్నర. దిగి యింటికి చేరడానికి గంటన్నర.

“ఎల్లుండి, ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకండీ. అక్కడ మాత్రం వాడికి ఇంకా శనివారం సాయంత్రమే.”

“వచ్చేటప్పుడు బుధవారం అంతా ఎటు పోయిందో తెలీలేదన్నాడు. వెళ్ళేటప్పుడు శనివారం సాగదీసుకుపోతుందా?”

“వచ్చేటప్పుడు తిన్నది పోయేటప్పుడు తిరిగి ఇస్తుందండీ.”

ఆవిడ అదేమంత పెద్ద వింతగా తీసుకోలేదు. “మూడున్నర” అని ఒకసారి అనుకుని లోపలికి వెళ్ళింది.

ఆదివారం నాకు మూడింటికే మెలకువ వచ్చింది. వరండాలోకి వచ్చి చూస్తే ఆవిడ యింట్లో దీపం వెలుగుతోంది. అరుగుమీద కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని కూచుంది. మూడున్నర అయింది. ఏమీ లేదు. మూడూ నలభై అయిదు. నేను గేటు తీసి రెండడుగులు వేసి, మళ్ళీ ఆగిపోయాను. నాలుగూ పది నిమిషాలకు ఫోను మోగింది. రెండే రెండు మాటలు విని, ఆవిడ నా వంక తిరిగి చెయ్యి ఊపి, దీపం ఆర్పేసింది.

నలభై నిమిషాలు తప్పాను. చికాగోలో ఆ సాయంత్రం మంచు కురుస్తోందట.